వెనుకనున్న వారి కొరకు



ఈ సంగతులు మేమిద్దరము, భార్యాభర్తలము, కలిసి వ్రాయుచున్నాము. కొండలెక్కినది మాలో ఒక్కరే. అయితే ఆ ఒక్కరు ఎక్కుటకు ఇంటివద్ద రెండవవారు మోసిన బరువు తక్కువది కాదు. అందుచేత "మేము" అని వ్రాయుటయే న్యాయమని తోచినది. ముప్పది మూడేండ్ల వయస్సులో, నెలనెల జీతము వచ్చే ఉద్యోగము విడిచి, పర్వతారోహణ నేర్పే శిక్షకుని పనికి తగిన అర్హతలు సంపాదించుటకు మేము పడిన పాటు ఇది. "మా అబ్బాయి ఇటువంటి పనికి పోతానంటున్నాడు, పంపవచ్చునా?" అని అడిగే తలిదండ్రులు ఈ మధ్య మాకు కనబడుచున్నారు. వారికి ఉపయోగపడునేమోనని వ్రాయుచున్నాము.

మాది భువనగిరికి దగ్గరలోని ఒక పల్లె. మా యింటి అరుగుమీద కూర్చుంటే కోటబండ కనబడును. ఊరంత పెద్దదైన ఒకే రాయి, దానిమీద చాళుక్యుల కాలపు కోట. చిన్ననాటినుండి చూచుచున్న బండ గనుక మేము దానిని ఎన్నడును పట్టించుకొనలేదు. 2014వ సంవత్సరము మే 25న గురుకుల పాఠశాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కిరి. అప్పటికి పూర్ణకు పదునాలుగేండ్లు నిండలేదు. ఆ పిల్లలకు తాడుపట్టుట మొదట నేర్పినది మా భువనగిరి బండమీదనేనని తెలిసినప్పుడు ఊరంతయు సంతోషించినది. మేమును సంతోషించి, మరల మా పనిలో మేము పడిపోతిమి.

ఆ పని ఏమనగా, మోటారు సైకిళ్ళకు, ట్రాక్టర్లకు అప్పులిచ్చే ఒక ప్రైవేటు ఫైనాన్సు కంపెనీలో వసూళ్ళ ఉద్యోగము. నెలకు 14,000 రూపాయల జీతము. దానికి తోడు ఇంటివద్ద కుట్టుమిషను. ఇద్దరు పిల్లలతో ఇల్లు ఎట్లో గడచుచుండెను. 2017 చివర ఒక సాయంత్రము, మూడు వాయిదాలు కట్టని ఒక పాలవాని బండిని పట్టుకొని రావలసి వచ్చినది. బండికి రెండువైపుల పాలక్యానులు కట్టియున్నవి. అతడు ఒక్క మాటయు అనక, ఆ క్యానులు తానే విప్పి, రోడ్డుప్రక్కన పెట్టుకొని నిలుచున్నాడు. ఆ రాత్రి మా యింట ఒకరు అన్నము ముట్టలేదు. రెండవవారు ఎందుకని అడుగలేదు. తెల్లవారినప్పుడు మాత్రము, "ఈ పని మీ చేత కాదు, వేరే ఏదైనా చూసుకుందాము" అని అన్నది.

ఆ వేరే పని ఏదో మాకు తెలియదు. 2018 జనవరిలో మా అమ్మాయి చదివే పాఠశాలవారు పిల్లలను కోటబండకు తీసికొని వెళ్ళుచు, తోడు రమ్మని కొందరు తలిదండ్రులను పిలిచిరి. అక్కడ ఒక శిక్షకుడు పిల్లలకు తాళ్ళు కట్టి ఎక్కించుచుండెను. భయపడి ఏడ్చిన పిల్లవానిని అతడు గద్దించలేదు, బుజ్జగించలేదు. "నీ ఎడమకాలు ఎక్కడున్నదో చూడు" అని మాత్రము అన్నాడు. పిల్లవాడు చూచినాడు, ఏడుపు ఆగినది, ఎక్కినాడు. ఇన్నాళ్ళు మనుష్యుల చేతులలోనిది లాగుకొనే పని చేసిన మాకు, మనుష్యుని చేతికి ధైర్యమిచ్చే పని ఒకటి ఉన్నదని ఆనాడు తెలిసినది.

అది మొదలు సెలవు దొరికినప్పుడెల్ల బండకు పోవుట, తాళ్ళు మోయుట, ముళ్ళు వేయుట నేర్చుకొనుట. నడుముకు కట్టే హార్నెస్ మన గీత కార్మికుల మోకు వంటిదే. మనిషి జారినను తాడు అతనిని పట్టియుంచును. మా ప్రక్కయింటి గౌడ్ తాత ఆ హార్నెస్‌ను చేతితో తిప్పి తిప్పి చూచి, "బిడ్డా, చెట్టు ఎవడన్న ఎక్కుతడు. దిగేటప్పుడు మోకు చూసుకున్నోడే ముసలోడైతడు" అన్నాడు. అప్పుడు నవ్వుకొంటిమి. ఆ మాట విలువ తరువాత తెలిసినది.

కొన్ని నెలలకు ఆ శిక్షకుడే చెప్పినాడు: "సరదాకైతే ఇది చాలు. ఇతరుల పిల్లల ప్రాణము చేతిలో పెట్టుకొని జీతము తీసికొనవలెనంటే చదువు కావలెను." మన దేశములో ఆ చదువుకు పేరుపొందిన సంస్థలు కొన్ని యున్నవి. టెన్సింగ్, హిల్లరీలు 1953లో ఎవరెస్టు ఎక్కిన మరుసటి సంవత్సరమే డార్జిలింగులో హిమాలయ పర్వతారోహణ సంస్థ ఏర్పడినది. అక్కడ క్షేత్రశిక్షణకు టెన్సింగే మొదటి అధిపతి. ఉత్తరకాశిలోని నెహ్రూ సంస్థ 1965లో వచ్చినది. మనాలిలోను, కాశ్మీరులోని పహల్గాములోను మరి రెండున్నవి. ఇవి ప్రభుత్వపు అండతో నడచును గనుక రుసుము మరీ భారము కాదు. తాళ్ళు, మంచుబూట్లు మొదలైన సామగ్రి వారే ఇచ్చెదరు.

ఆ చదువులో మూడు మెట్లు. మొదటిది ప్రాథమిక శిక్షణ, రెండవది ఉన్నత శిక్షణ. ఒక్కొక్కటి ఇంచుమించు నాలుగు వారములు. మూడవది బోధనా పద్ధతి, ఇంచుమించు మూడు వారములు. దీనినే మెథడ్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ అందురు. మొదటిదానిలో ఏ గ్రేడు వచ్చినవారికే రెండవదానిలో చోటు. రెండవదానిలో ఏ గ్రేడు వచ్చినవారికే మూడవది. బి గ్రేడు వచ్చినవాడు శిక్షణ ముగించినట్లే గాని, పై మెట్టు తలుపు తెరువబడదు. వయస్సుకును హద్దు ఉన్నది. ముప్పది దాటిన మాకు ఆ హద్దు ప్రతి పుట్టినరోజున గుర్తుకు వచ్చుచుండెను.

2019 మే నెలలో, జీతము లేని సెలవు పెట్టి, మొదటి శిక్షణకు పోవుట జరిగినది. అంతకుముందు ఆరు నెలలు ఇరువది కిలోల బియ్యపు మూట వీపున కట్టుకొని కోటమెట్లు ఎక్కిదిగినందున కాళ్ళలో బలమున్నది. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీకి, అక్కడినుండి బస్సులో కొండలకు. శిక్షణలో ఎక్కువమంది ఇరువదేండ్ల పడుచువారు. పాఠములు హిందీలోను ఇంగ్లీషులోను. ముళ్ళ పేర్లు నోటుబుక్కులో తెలుగు అక్షరములతో వ్రాసికొని, రాత్రి పడకలో తాడుముక్కతో అభ్యాసము చేయవలసి వచ్చినది. మొదటి దినములు బండలపైన. తరువాత బరువులెత్తుకొని హిమానీనదమునకు నడక. బూట్ల అడుగున క్రాంపాన్లు అనే ఇనుపముండ్లు కట్టుకొని మంచుగోడ ఎక్కుట, జారినప్పుడు మంచుగొడ్డలి గుచ్చి తన్ను తాను ఆపుకొనుట, మంచు పగుళ్ళున్న చోట ఒకే తాడుకు కొందరు కట్టుకొని నడచుట అక్కడ నేర్పిరి.

ఎత్తు ప్రదేశములో గాలి పలుచన. 3,000 మీటర్లు దాటిన తరువాత, రాత్రి పడుకొనే చోటు ఎత్తును దినమునకు 500 మీటర్లకు మించి పెంచకూడదని చెప్పిరి. పగలు పైకి పోయి, రాత్రికి క్రిందికి వచ్చి పడుకొనుట మేలు. తలనొప్పి, వాంతులు వచ్చినప్పుడు దాచిపెట్టినవాడు తనకే కాదు, తన జట్టుకంతటికి శత్రువు. తలనొప్పి తగ్గనప్పుడు పైకి పోకూడదు, ముదిరినప్పుడు వెంటనే క్రిందికి దిగవలెను. ఆ వ్యాధికి దిగుటను మించిన మందు లేదు.

చివరి దినములలో ఎత్తయిన ఒక స్థలమునకు ఎక్కి దిగు పరీక్ష జరిగినది. వయస్సులో పెద్దవాడనని అందరును చులకనగా చూచుచున్నారని మనస్సులో ఒక ముల్లు. ఆనాడు అందరికంటె ముందుగా ఎక్కి, దిగివచ్చునప్పుడు కూడ జట్టును విడిచి అందరికంటె ముందుగా శిబిరము చేరి, టీ త్రాగుచు కూర్చుండుట జరిగినది. జట్టులోని ఒక కుర్రవాడు మోకాలు నొప్పితో రెండు గంటలు ఆలస్యముగా, శిక్షకుని భుజము పట్టుకొని వచ్చెను. ఎవరును ఏమియు అనలేదు. ముగింపు దినమున చేతికి వచ్చినది బి గ్రేడు. ఎందుకని అడిగినప్పుడు శిక్షకుడు సౌమ్యముగానే జవాబిచ్చెను: "నీకు బలమున్నది. నీ జట్టు ఎక్కడున్నదో నీకు తెలియదు. అట్టివాని చేతికి రేపు పిల్లలను ఎట్లు అప్పగింతుము?"

ఇంటికి వచ్చు రైలులో ఒక్క ముద్ద దిగలేదు. నెల జీతము పోయినది, ప్రయాణపు ఖర్చు అప్పుగా మిగిలినది, తలుపు మూసుకొన్నది. బంధువులు, "ఈ వయస్సులో కొండలేమిటి?" అని మునుపే అనియుండిరి. ఇప్పుడు అనవలసిన పని కూడ లేకపోయెను. ఇంటిలో సంగతి విన్న తరువాత మాలో ఇంటివద్దనున్నవారు మెల్లగా ఒక మాట అడిగిరి: "ఆ అబ్బాయి మోకాలు తగ్గినదా?" ఆ ప్రశ్నకు జవాబు తెలియదు. అడుగుటయే తోచలేదు. బి గ్రేడు ఎందుకు వచ్చినదో శిక్షకుని మాటకంటె ఆ ప్రశ్నలోనే మాకు బాగుగా అర్థమైనది.

మరల మొదటినుండి చేయవలెనని నిశ్చయించుకొంటిమి. అంతలో 2020లో కరోనా వచ్చినది. శిక్షణలు ఆగిపోయినవి, వసూళ్ళు ఆగినవి, జీతము సగమాయెను. ఆ కాలములో కుట్టుమిషనే మా యింటిని నిలువబెట్టినది. మాస్కులు కుట్టని రాత్రి లేదు. 2021 సెప్టెంబరులో ప్రాథమిక శిక్షణలో మరల చోటు దొరికినప్పుడు కంపెనీవారు సెలవు ఇవ్వలేదు. రెండు దినములు ఆలోచించి, లెక్కలు వేసికొని, ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చితిమి. రాజీనామా కాగితము మీద సంతకము ఒక్కరిదే గాని, దానిని వ్రాసినది ఇద్దరము.

ఆ రెండవసారి, ముందు నడువక జట్టులో చివరివానితో నడచుట జరిగినది. ఇది గ్రేడు కొరకు చేసిన నటనయేనని మొదటి వారము మాకును అనుమానమే. రెండవ వారములో, బరువు మోయలేక కూర్చుండిన ఒక విద్యార్థికి బూటు విప్పి చూడగా మడమ పుండై రక్తము కారుచున్నది. అతడు సిగ్గుపడి ఎవరికిని చెప్పలేదు. చివరను నడచినందుననే అది కంటబడినది. వెనుకనుండి చూచువానికి కనబడునది ముందుపోవువానికి ఎన్నడును కనబడదు. ఈసారి ఏ గ్రేడు వచ్చినది.

ఉన్నత శిక్షణకు చోటు కొరకు ఎదురుచూచుచుండగా, 2022 అక్టోబరు 4న ఆ ఘోరమైన వార్త వచ్చినది. ఉత్తరకాశి ప్రాంతములో, ద్రౌపదీ కా డాండా-2 అనే శిఖరము మీద, ఉన్నత శిక్షణలో నున్నవారిపై మంచుచరియ విరిగిపడి ఇరువది మందికి పైగా చనిపోయిరి. వారిలో విద్యార్థులును, అనుభవము గల శిక్షకులును ఉండిరి. మన నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు 2015లో ఆండీస్ పర్వతములలో మరణించినప్పుడు విన్నది దూరపు వార్తగా విన్నాము. ఇది అట్లు కాదు. మేము దరఖాస్తు పెట్టుకొన్న శిక్షణయే అది. ఆ పిల్లల తల్లులు టీవీలో ఏడ్చుచుండగా మా యింటిలో ఎవరమును ఒకరి ముఖము ఒకరు చూడలేకపోయితిమి.

ఆ వారము మా యింట ఆ మాట ఎత్తలేదు. తరువాత ఒక రాత్రి, పిల్లలు పడుకొన్న పిమ్మట, కుట్టుమిషను ఆపి, "పోవద్దని నేను అనను. పొమ్మనియు అనలేను. ఒక్క మాట ఇవ్వండి. వెనుకకు తిరుగవలసి వచ్చినప్పుడు, మేము పడిన కష్టము గుర్తుకు తెచ్చుకొని ముందుకు పోవద్దు" అని మాలో ఒకరు రెండవవారిని అడిగిరి. మాట ఇయ్యబడినది. మేము పోగొట్టుకొన్న డబ్బు, కాలము, పరువు, ఇవన్నియు మనిషిని కొండపైకి నెట్టే బరువులని అప్పుడు గ్రహించితిమి. శిఖరము దగ్గరకు వచ్చి తిరిగిపోలేనివాడు నాయకుడు కాలేడు.

2023 మే, జూన్ నెలలలో ఉన్నత శిక్షణ పూర్తియాయెను. అందులో ఇతరులు కట్టిన తాడు పట్టుకొనుట గాక, తాను ముందు ఎక్కి తాడు బిగించుట, పగులులో పడినవానిని పైకి లాగుట, యాత్రకు తిండి, సామాను, దినముల లెక్క వేయుట నేర్చుకొనవలెను. ఏ గ్రేడు వచ్చినది. 2024లో బోధనా పద్ధతి. అన్నిటిలో కఠినమైనది అదియే అని మేమందుము. ఒక చిన్న ముడిని ఎట్లు నేర్పవలెనో పది నిమిషముల పాఠముగా వ్రాసికొని, తోటివారి ఎదుట నిలువబడి నేర్పవలెను. మొదట చెప్పవలెను, పిమ్మట చేసి చూపవలెను, పిమ్మట వారిచేత చేయించి, తప్పు సరిదిద్దవలెను. "అర్థమైనదా?" అని అడుగకూడదు. అందరును అర్థమైనదనియే అందురు. "చేసి చూపించు" అనవలెను. వచ్చిన పనిని రానివానికి నేర్పునప్పుడే ఎంత వచ్చునో తెలియును.

ఇప్పుడు చలికాలములో భువనగిరి బండమీద పాఠశాలల పిల్లలకు శిబిరములు, వేసవిలోను వానలు వెలసిన తరువాతను హిమాలయములలో యాత్రా బృందములతో పని. వానకాలములో ఏమియు ఉండదు. అప్పుడు రెండెకరముల పొలము చూచుకొందుము. మొదటి సంవత్సరము వచ్చిన రాబడి పాత జీతముకంటె తక్కువ. రెండవ సంవత్సరము ఇంచుమించు సమానమైనది. కుట్టుమిషను ఇంకను ఆగలేదు. ఈ పని ధనవంతులను చేయునని ఎవరైన చెప్పినయెడల నమ్మవద్దు.

పిల్లలను ఈ దారిన పంపదలచిన తలిదండ్రులకు కొన్ని మాటలు. మొదట వైద్యపరీక్ష చేయించండి. ఉబ్బసము, గుండెజబ్బు ఉన్నయెడల దాచవద్దు. ఎవరో నేర్పెదరని పంపునప్పుడు, ఆ నేర్పువారు ఎక్కడ, ఏ మెట్టువరకు నేర్చిరో అడిగి తెలిసికొనండి. అడిగినందుకు కోపగించేవాని చేతికి బిడ్డను ఇవ్వవద్దు. ఉద్యోగము విడువకముందే కనీసము ప్రాథమిక శిక్షణ ముగించి, అది తనకు తగినదో కాదో చూచుకొనవలెను. ఏడాదికి సరిపడు ఇంటిఖర్చు ముందుగా కూడబెట్టుకొనవలెను. పెండ్లియైనవాడైతే, ఇంటివారి మనస్సు నిండుగా లేనిదే బయలుదేరకూడదు. ఇంటివద్దనున్నవారును ఆ తాడుకే కట్టబడియున్నారు.

గత సంవత్సరము మార్చిలో జరిగిన ఒక సంగతి చెప్పి ముగింతుము. ఒక పాఠశాలవారు నలుబదిమంది పిల్లలను బండకు తీసికొని వచ్చిరి. తాళ్ళన్నియు కట్టి, సగముమంది ఎక్కి దిగిన తరువాత, మధ్యాహ్నము పడమట మబ్బు పట్టినది. దూరమున ఉరుము వినబడినది. బట్టబయలు బండమీద, తడిసిన రాతిమీద పిడుగును ఎదుర్కొను ఉపాయము ఎవరికిని లేదు. "పిల్లలు డబ్బు కట్టియున్నారు, ఇంకొక అరగంట చూడండి" అని వెంటవచ్చిన పెద్దలు బ్రతిమాలిరి. తాళ్ళు విప్పక తప్పదని చెప్పి, ముందుగా చిన్నపిల్లలను, కడపట పెద్దవారిని క్రిందికి దింపి, ఒక్కొక్కరిని లెక్కపెట్టి బస్సు ఎక్కించుట జరిగినది. వాన కొన్ని చినుకులే పడి ఆగిపోయెను. సగము పని చేసినందుకు సగము డబ్బే ఇచ్చిరి, కొందరు సణుగుకొనిరి.

ఆ సాయంత్రము ఇంటికి వచ్చి సంగతి చెప్పగా, కుట్టుమిషను ఆపి, "నలుబదిమందియు బస్సు ఎక్కినారా?" అని ఒక్క ప్రశ్న అడుగబడినది. ఎక్కినారు. ఆ రాత్రి మేమందరము కడుపునిండ అన్నము తింటిమి.